సిటీ సీడీబీజీ నిధుల ఆడిట్: ఐడిస్‌కీ లెడ్జర్‌కీ లెక్క కుదరడం లేదు, ఎక్కడ పట్టుకోవాలి?

కొత్తపద్దు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఒక మధ్యరకం సిటీకి సింగిల్ ఆడిట్ (ఫెడరల్ డబ్బు ఖర్చు పెట్టే సంస్థలకు జరిగే ఆడిట్) జరుగుతోంది. ఆర్థిక సంవత్సరం 2024 అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 వరకు, ప్రోగ్రామ్ ఇయర్ కూడా అదే. మొత్తం ఫెడరల్ ఖర్చు 31 లక్షల డాలర్లు. అందులో 14.218 నంబరు కింద, అంటే హడ్ (అమెరికా గృహ, పట్టణాభివృద్ధి శాఖ) నేరుగా సిటీకి ఇచ్చే సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్) కింద, 12 లక్షలు. గత రెండేళ్లలో ఎవరూ దీన్ని మేజర్ ప్రోగ్రామ్‌గా (ఆడిట్‌లో విడిగా, లోతుగా పరీక్షించేదిగా) చూడలేదు, ఖర్చు 10 లక్షల గీత దాటింది, కాబట్టి ఈసారి చూడక తప్పదు.

ఈ ఏడాది గ్రాంటు 10,50,000. ప్రోగ్రామ్ ఇన్‌కమ్ (గ్రాంటు డబ్బుతో చేసిన పనుల నుంచి తిరిగొచ్చిన ఆదాయం) ఈ ఏడాది 60,000, పోయినేడు 40,000. ఖర్చు నాలుగు రకాలు: రెండు వీధుల్లో సైడ్‌వాక్‌లు, 9 సొంత ఇళ్ల మరమ్మతులు, నాలుగు స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చిన సేవల డబ్బు, సిటీ సిబ్బంది జీతాలు.

నా ఇబ్బందులు ఇవి. ఫెడరల్ ఖర్చుల షెడ్యూల్లో 12,00,000 చూపారు. అదే ఏడాదిలో హడ్ వారి ఐడిస్‌లో (గ్రాంటు డబ్బు డ్రా చేసే, లెక్క చెప్పే కంప్యూటర్ వ్యవస్థ) డ్రా చేసింది 10,60,000 మాత్రమే. తేడా 1,40,000. ఫైనాన్స్ వాళ్లు "అది టైమింగ్ తేడా" అని ఒక్క మాటతో తేల్చేశారు. రెండోది, సేవలకు 15 శాతం, అడ్మిన్‌కు 20 శాతం పరిమితులు. నేను రెండింటికీ ఈ ఏడాది గ్రాంటు, ప్రోగ్రామ్ ఇన్‌కమ్ కలిపిన 11,10,000 మీదే శాతం కట్టాను, సరేనా? మూడోది, మరమ్మతు ఫైళ్లలో అసలు ఏం చూడాలి? ఇన్వాయిస్, చెక్కు, కౌన్సిల్ ఆమోదం అన్నీ ఉన్నాయి. అది చాలదని మాత్రం తెలుస్తోంది.

బాకీపద్దు:

"టైమింగ్" అన్న మాటను కాగితం మీద పెట్టించండి. ఊరికే చెబితే ఒప్పుకోవద్దు. మీ అంకెలతోనే ఉదాహరణ కడతాను.

ఐడిస్ డ్రాలు 10,60,000తో మొదలుపెట్టండి. అందులో 2024 ఆగస్టు, సెప్టెంబరు ఖర్చులకు అక్టోబరు తర్వాత డ్రా చేసినవి ఉంటాయి. అవి 1,15,000 అనుకుందాం, తీసేస్తే 9,45,000. ఇప్పుడు 2025 ఆగస్టు, సెప్టెంబరులో ఖర్చయి, సెప్టెంబరు 30 దాటాక డ్రా చేసినవి కలపాలి. అవి 2,10,000 అయితే 11,55,000కి వస్తారు. అక్కడితో టైమింగ్ అయిపోయింది. ఇంకా 45,000 మిగిలింది కదా, అసలు విషయం ఉండేది ఆ మిగిలినదాంట్లోనే.

అలా మిగిలే డబ్బు చాలాసార్లు ప్రోగ్రామ్ ఇన్‌కమ్ అవుతుంది. పాత మరమ్మతు లోన్ల కిస్తీలు నెలనెలా వస్తుంటాయి. ఎవరైనా ఇల్లు అమ్మితే టైటిల్ కంపెనీ (ఇంటి అమ్మకం లావాదేవీ నడిపే సంస్థ) నుంచి బాకీ తీర్చిన చెక్కు వస్తుంది. ఆ డబ్బు బ్యాంకులో పడుతుంది, లెడ్జర్‌లో జమ అవుతుంది, ఐడిస్‌లో మాత్రం రశీదుగా ఎక్కించరు. తర్వాత సిటీ దాన్ని నేరుగా ఖర్చు పెట్టేస్తుంది. కాబట్టి ఖర్చు షెడ్యూల్లో ఉంటుంది, ఐడిస్‌లో ఉండదు. ప్రోగ్రామ్ ఇన్‌కమ్‌తో చేసిన ఖర్చు షెడ్యూల్లో ఉండటం సరైనదే, దాన్ని తీసేయమనకండి. తప్పు ఐడిస్ వైపు ఉంది. సీడీబీజీ నియమం 570.504 ప్రకారం చేతిలో ఉన్న ప్రోగ్రామ్ ఇన్‌కమ్ వాడాకే ఏ పనికైనా ట్రెజరీ నుంచి కొత్తగా డ్రా చేయాలి. రివాల్వింగ్ ఫండ్‌లో (కిస్తీలు తిరిగొచ్చి మళ్లీ అదే పనికి వెళ్లే నిధి) ఉంటే ఆ ఫండ్ చేసే పనికే ముందు వాడాలి. డబ్బు ఖాతాలో ఉండగానే డ్రా చేశారా అన్నది తేదీల వారీగా చూడండి.

అంతకన్నా చెడ్డ సంగతి ఇంకొకటి ఉంది. టైటిల్ కంపెనీ చెక్కు జనరల్ ఫండ్‌లో "ఇతర ఆదాయం" కింద పడిపోతే అది లెడ్జర్‌లోని సీడీబీజీ ఫండ్‌లో కూడా కనబడదు. మీ షెడ్యూలూ ఐడిసూ చక్కగా కలుస్తాయి, డబ్బు మాత్రం ఉండదు. దాన్ని పట్టాలంటే ఎదురువైపు నుంచి రావాలి. కౌంటీ క్లర్క్ ఆఫీసులో సిటీ పేరుతో ఆ ఏడాది నమోదైన లీన్ (ఇంటి మీద బాకీ హక్కు) విడుదల పత్రాల జాబితా తీసుకోండి. ప్రతి విడుదలకీ ఒక చెక్కు ఉండాలి, లేదా మాఫీ గడువు పూర్తయిందన్న కాగితం ఉండాలి. లోన్ల జాబితాలో ఏడాది మొదట్లో ఉండి చివర్లో లేని పేర్లు కూడా ఇలాగే చూడండి. అరపూట పని, కానీ మొత్తం ఆడిట్‌లో దీనికి మించిన పరీక్ష లేదని నా నమ్మకం.

గ్రాంట్‌డెస్క్:

పరిమితుల సంగతి నేను చెబుతాను. రెండింటికీ 11,10,000 వాడటం తప్పు కొత్తపద్దు గారూ. చాలామంది పొరబడేది ఇక్కడే.

సేవల 15 శాతానికి ఈ ఏడాది గ్రాంటుకు *పోయినేటి* ప్రోగ్రామ్ ఇన్‌కమ్ కలపాలి. 10,50,000కి 40,000 కలిపితే 10,90,000. అందులో 15 శాతం 1,63,500. అడ్మిన్, ప్లానింగ్ 20 శాతానికి *ఈ ఏడాది* ప్రోగ్రామ్ ఇన్‌కమ్ కలపాలి. 11,10,000లో 20 శాతం 2,22,000. మీ పద్ధతిలో సేవల పరిమితి 1,66,500 వచ్చి ఉంటుంది. సిటీ 1,65,000 దగ్గర ఉంటే మీరు పాస్ చేసేసేవారు.

ఇక శాతం లెక్కలో పైన ఉండే అంకె (లవం). అది ఖర్చు కాదు, ఆబ్లిగేషన్, అంటే ఒప్పందాల ద్వారా కట్టుబడిన మొత్తం. ఐడిస్ ఇచ్చే పీఆర్26 రిపోర్టు తెరవండి. 27వ లైనులో సేవలకు డ్రా చేసింది ఉంటుంది, దాన్ని ఐడిస్ తనే నింపుతుంది. 28లో ఈ ఏడాది చివర ఒప్పందాల్లో ఇంకా చెల్లించకుండా మిగిలింది, 29లో పోయినేడు చివర మిగిలింది. ఈ రెండు లైన్లూ సిటీ మనిషి చేత్తో నింపాలి. 28 కలిపి 29 తీసేస్తేనే 36వ లైనులో శాతం సరిగ్గా వస్తుంది. రెండు లైన్లలోనూ సున్నాలు ఉంటే, సెప్టెంబరు 30న నాలుగు సంస్థల ఒప్పందాల్లో మిగిలిన బాకీలు మీరే కూడండి. ఈ ఏడాది 29, పోయినేటి 28తో సమానంగా ఉండాలి. లేకపోతే ఎవరో శాతానికి సరిపడా అంకె వేశారని అర్థం. అడ్మిన్‌కు ఇదే వరస 37 నుంచి 46 వరకు. పైగా 2015 నుంచి వచ్చిన గ్రాంట్లకు అడ్మిన్ 20 శాతం ఏ గ్రాంటుకు ఆ గ్రాంటుకు విడిగా కూడా నిలవాలి.

బాకీపద్దు గారు చెప్పిన ప్రోగ్రామ్ ఇన్‌కమ్ రశీదు ఐడిస్‌లో లేకపోతే ఈ రెండు లెక్కల కింది అంకె (హారం) కూడా తప్పుతుంది. అందుకే ఆ పొంతన తేలాకే పరిమితులు చూడాలి, తిరగేసి చేస్తే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

అడ్మిన్ పరిమితి దాటబోతోందని తెలిసిన సిటీ ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. ఐడిస్‌లో 21ఎ అంటే మామూలు అడ్మిన్. 14హెచ్ అంటే ఇళ్ల మరమ్మతులు నడిపే సిబ్బంది ఖర్చు, అది 20 శాతంలోకి రాదు. సెప్టెంబరులో 21ఎ నుంచి 14హెచ్‌కి జీతాలు మార్చిన జర్నల్ ఎంట్రీ ఉందా చూడండి. ఉంటే ఆ మనిషి టైమ్‌షీట్ అడగండి. ఏ ఇంటికి వెళ్లాడు, ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది ఉంటే అది 14హెచ్. "నెలకు 60 శాతం" అని బడ్జెట్లో రాసుకున్న అంకె ఏడాది పొడుగునా అలాగే ఉంటే అది అంచనా. అంచనాతో తాత్కాలికంగా ఖర్చు రాసుకోవచ్చు, కానీ తర్వాత అసలు పనిగంటలతో సరిచేయాలని ఫెడరల్ గ్రాంట్ల నియమం 200.430 చెబుతోంది.

శాంపిల్ తీసేటప్పుడు జులై నెల ఖర్చులను కాస్త ఎక్కువగా తీయండి. ప్రోగ్రామ్ ఇయర్ ముగియడానికి 60 రోజుల ముందు, అంటే మీ సిటీకి ఆగస్టు మొదట్లో, హడ్ దగ్గరి లైన్ ఆఫ్ క్రెడిట్‌లో ఇంకా డ్రా చేయకుండా మిగిలిన డబ్బు ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లు, ఇక్కడ 15,75,000, దాటకూడదు. దాటుతుందన్న భయంతో హడావిడిగా తోసిన బిల్లులు ఆ నెలలోనే ఉంటాయి. పని పూర్తికాకుండా ఇచ్చిన బిల్లు, ముందస్తు చెల్లింపు, సరుకు రాకముందే కట్టిన డబ్బు అక్కడ దొరుకుతాయి.

ఇటుకసున్నం:

మరమ్మతు ఫైలు గురించి. ఇన్వాయిస్ సరిగ్గా ఉండటం ఆఖరి మెట్టు. మొదటి ప్రశ్న, ఈ ఇంట్లోవాళ్లు అర్హులేనా? సీడీబీజీలో ప్రతి డాలరూ మూడు జాతీయ లక్ష్యాల్లో ఒకదానికి చేరాలి: తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారికి మేలు, శిథిల ప్రాంతాల తొలగింపు, అత్యవసరం. ఇళ్ల మరమ్మతు దాదాపు ఎప్పుడూ మొదటిదాని కిందే వస్తుంది. కుటుంబ ఆదాయం ఆ ప్రాంత మధ్యగత ఆదాయంలో 80 శాతం దాటకూడదు.

ఒక ఫైలు చేతిలోకి తీసుకుని దరఖాస్తు మొదటి పేజీ, ఆదాయం లెక్క కట్టిన కాగితం పక్కపక్కన పెట్టండి. దరఖాస్తులో ఐదుగురు అని ఉంటుంది. హడ్ పట్టికలో ఐదుగురి పరిమితే వాడి ఉంటారు. ఆదాయం మాత్రం తల్లి ఒక్కదానిదే కట్టి ఉంటారు. ఉద్యోగం చేసే 23 ఏళ్ల కొడుకు మనుషుల లెక్కలో ఉన్నాడు, ఆదాయం లెక్కలో లేడు. ఇది ఫైలంతటా సంతకాలున్నా ఎవరికీ కనబడని తప్పు. తర్వాత పట్టిక ఏ ఏడాదిదో చూడండి. హడ్ ఏటా కొత్త పరిమితులు ఇస్తుంది, అర్హత తేల్చిన రోజున అమల్లో ఉన్నదే వాడాలి.

రెండోది సీసం రంగు. అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డులో ఇల్లు కట్టిన ఏడాది చూడండి. 1978కి ముందుదైతే ఫెడరల్ నియమావళిలో 24 సీఎఫ్ఆర్ 35వ భాగం వర్తిస్తుంది. ఇంటికి 5,000 డాలర్ల లోపు పనైతే జాగ్రత్తలతో పనిచేసి, కదిలించిన చోట సరిచేస్తే సరిపోతుంది. 5,000 నుంచి 25,000 వరకు రిస్క్ అసెస్‌మెంటు, తాత్కాలిక నియంత్రణ చర్యలు కావాలి. 25,000 దాటితే పూర్తి నిర్మూలన. ఇప్పుడు కాంట్రాక్టు 24,600కి ఉందనుకోండి. కప్పు విప్పాక కింద చెక్క పుచ్చిపోయి ఉంటుంది, చేంజ్ ఆర్డర్ (కాంట్రాక్టుకు కలిపిన అదనపు పని) 1,900. మొత్తం 26,500. గీత దాటింది, కానీ సీసం పని పాత మెట్టులోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో పాకే పసిబిడ్డ ఉంటే ఇది కాగితం తప్పుగా మిగలదు. 25,000కి కాస్త దిగువన ఉన్న ప్రతి కాంట్రాక్టుకీ చేంజ్ ఆర్డర్లు కలిపి చూడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, సీసం తొలగింపుకే అయిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. చివర్లో క్లియరెన్స్ పరీక్ష రిపోర్టు ఉండాలి, దాని తేదీ ఆఖరి చెల్లింపుకు ముందుదై ఉండాలి.

మూడోది తేదీలు. ఒక చిన్న కాగితం మీద మూడే రాయండి: ఆ ఇంటికి పర్యావరణ పరిశీలన ముగిసిన రోజు, కాంట్రాక్టు సంతకం పడిన రోజు, మొదటి ఖర్చు రోజు. ఈ వరస తప్పకూడదు. సిటీ అంతటికీ ఒకేసారి పెద్ద పరిశీలన చేసి, హడ్ నుంచి నిధుల విడుదల అనుమతి తెచ్చుకుంటారు. ఆ తర్వాత ఇంటింటికీ వరద మ్యాపు, చారిత్రక కట్టడమా కాదా వంటివి విడిగా చూడాలి. మొదటిది ఉండి రెండోది ఖాళీగా ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి.

డేవిస్-బేకన్ వేతనాల (ఫెడరల్ డబ్బుతో జరిగే నిర్మాణంలో కూలీలకు ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనాలు) గురించి కూడా ఎవరో ఒకరు మిమ్మల్ని కంగారు పెడతారు, 9 ఇళ్లు కాబట్టి 8 దాటిందని. అది ఒకే ఆస్తిలో 8 లేదా అంతకన్నా ఎక్కువ యూనిట్లు ఉంటేనే. ఊరంతా చెదిరి ఉన్న 9 విడి ఇళ్లకు వర్తించదు. సైడ్‌వాక్‌లకు మాత్రం వర్తిస్తుంది, అక్కడ గీత 2,000 డాలర్లే. వారంవారం వచ్చే డబ్ల్యూహెచ్-347 పేరోల్ తీసుకుని, సిటీ ఇన్‌స్పెక్టర్ రోజువారీ డైరీ పక్కన పెట్టండి. డైరీలో మంగళవారం ఆరుగురు కాంక్రీటు పోశారని ఉండి, పేరోల్‌లో నలుగురే ఉంటే ఆ ఇద్దరి కూలీ ఎవరిచ్చారో అడగాలి. అప్రెంటిస్ రేటు ఇచ్చారంటే రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. బిడ్లు తెరిచాక 90 రోజుల్లోపు కాంట్రాక్టు ఇవ్వకపోతే వేతన నిర్ణయం కొత్తది చూసుకోవాలి.

సైడ్‌వాక్‌ల అర్హత ఆ చుట్టుపక్కల నివాసుల మీద ఆధారపడుతుంది. 51 శాతం మంది తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారై ఉండాలి. సిటీ గీసిన సర్వీస్ ఏరియా మ్యాపును గూగుల్ మ్యాపు పక్కన పెట్టి, ఆ దారిలో నిజంగా ఎవరు నడుస్తారో చూడండి. 51 రావడం కోసం ఒక బ్లాక్ గ్రూపును (జనగణనలో వాడే చిన్న ప్రాంతం) చుట్టి ఇంకోదాన్ని వదిలేసిన ఆకారాలు కంటికి ఇట్టే తెలుస్తాయి. గుంతలు పూడ్చడం లాంటివి సైడ్‌వాక్ బిల్లులో కలిసిపోయాయా కూడా చూడండి. నిర్వహణ ఖర్చుకు సీడీబీజీ పనికిరాదు.

కొత్తపద్దు:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. నాలుగు సంస్థల్లో ఒకటి వృద్ధులకు భోజనాలు, ఒకటి బడి అయ్యాక పిల్లలకు చదువు చెప్పేది. ఇద్దరూ ప్రతి నెలా బిల్లు, జీతాల రిజిస్టరు పంపుతున్నారు. సిటీ అదే సరిపోతుందంటోంది. ఇక తప్పు దొరికితే డబ్బు వెనక్కి కట్టమని రాసేది మనమేనా?

గ్రాంట్‌డెస్క్:

రెండు సంస్థలకూ ఒకే కొలత కుదరదు. వృద్ధులు తక్కువ ఆదాయం వారని నియమమే ముందుగా అనుకుంటుంది. నిరాశ్రయులు, తీవ్ర వైకల్యం ఉన్న పెద్దవాళ్లు, హింసకు గురైన పిల్లలు, వలస వ్యవసాయ కూలీలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. అక్కడ వయసు తెలిపే కాగితం చాలు. బడి పిల్లలు ఆ జాబితాలో లేరు. ప్రతి కుటుంబం ఆదాయం, మనుషుల సంఖ్య రాసిన పత్రం ఉండి, కనీసం 51 శాతం మంది అర్హులని తేలాలి. స్వయంగా రాసిచ్చిన ధ్రువీకరణైనా సేవలకు సరిపోతుంది, కానీ ఖాళీ గడులుంటే లెక్కలోకి రాదు. సిటీ ఏటా హడ్‌కి ఇచ్చే క్యాపర్ రిపోర్టులో 120 మంది పిల్లలని రాశారంటే 120 పత్రాలు చేతికి రావాలి.

జీతాల రిజిస్టర్‌లో సీడీబీజీ వాటా ఒక్కటే చూసి ఊరుకోకండి. ఆ ఉద్యోగి మొత్తం టైమ్‌షీట్, అందులో మిగతా గంటలు ఏ గ్రాంటుకు రాశారో అడగండి. అదే గంటను కౌంటీకీ సిటీకీ ఇద్దరికీ బిల్లు చేయడం ఒక్క పేజీ చూస్తే ఎప్పటికీ దొరకదు. సేవ కొత్తదై ఉండాలి, లేదా గత 12 నెలలకన్నా కొలవగలిగినంత పెరిగి ఉండాలి. సిటీ తను ఇదివరకు సొంత డబ్బుతో నడిపిన కార్యక్రమాన్ని ఇప్పుడు సీడీబీజీకి అంటగట్టిందేమో బడ్జెట్లో చూడండి.

సిటీ వైపు నుంచి అడగాల్సినవి: 570.503 ప్రకారం లిఖిత ఒప్పందం, డబ్బు ఇచ్చే ముందు రిస్క్ అంచనా, సంస్థకు యూఈఐ నంబరు (ఫెడరల్ గుర్తింపు సంఖ్య), నిషేధిత జాబితాలో లేరని శామ్‌లో (ఫెడరల్ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్) చూసిన తేదీ, 30,000 డాలర్లు, ఆపై సబ్‌అవార్డులను (గ్రాంటులోంచి సంస్థలకు ఇచ్చేవి) అక్కడే రిపోర్టు చేసిన ఆధారం. మానిటరింగ్ విజిట్ రిపోర్టు ఉంటే చివరి పేజీ చూడండి. లోపాలు రాసి, తర్వాత ఉత్తరం ఏదీ లేకపోతే మానిటరింగ్ జరగనట్టే.

బాకీపద్దు:

డబ్బు కట్టమని మనం ఆదేశించం. ప్రశ్నార్థకమైన ఖర్చు ఇంత అని రాస్తాం, నిర్ణయం హడ్‌ది. మీకు దొరికింది, దాన్నిబట్టి మొత్తం ఖర్చులో ఉండే అవకాశమున్నది, ఈ రెండింటిలో ఏది 25,000 దాటినా ఫైండింగ్‌గా (ఆడిట్ రిపోర్టులో నమోదు చేసే లోపంగా) రాయాల్సిందే. 9 ఇళ్లలో 4 చూసి, ఒక ఇంటి అర్హత తేలక 18,000 ప్రశ్నార్థకమైతే "25 వేల లోపే కదా" అని వదలకండి. మిగతా 5 ఇళ్ల మీద ఎంత పడొచ్చో లెక్క కట్టండి, లేదా ఆ ఐదూ చూసేయండి. ఇంత చిన్న సంఖ్యకు చూసేయడమే మేలు.

ఫైండింగ్‌లో ఎక్కువమంది బలహీనంగా రాసేది కారణం. "సిబ్బంది పొరపాటు" అని రాస్తే వచ్చే ఏడాది అదే ఫైండింగ్ మళ్లీ వస్తుంది. లోన్ కిస్తీలు ఫైనాన్స్ విభాగానికి వస్తున్నాయి, ఐడిస్ పాస్‌వర్డ్ హౌసింగ్ విభాగం దగ్గర ఉంది, ఇద్దరి మధ్య నెలవారీ కాగితం ఏదీ లేదు అని రాయండి. అప్పుడు సిటీకి ఏం చేయాలో తెలుస్తుంది. హడ్ వెనక్కి కట్టమంటే ఆ డబ్బు ఫెడరల్ కాని సొంత నిధుల నుంచి రావాలి, ఇంకో గ్రాంటు నుంచి కాదు. అది సిటీ మేనేజర్‌కి ముందే తెలిసేలా ఎగ్జిట్ మీటింగులో నోటితో కూడా చెప్పండి.

సిటీ ఇచ్చే దిద్దుబాటు ప్రణాళిక మీ ఫైండింగ్ పేజీలో కలిపేయకండి. అది వాళ్ల సొంత పత్రంగా విడిగా ఉండాలి. అందులో బాధ్యుడి పేరు, ఏం చేస్తారు, ఏ తేదీకి పూర్తవుతుంది అన్నవి ఉండాలి. ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్‌హౌస్‌కి పంపే గడువు మీ రిపోర్టు అందిన 30 రోజులు, లేదా ఏడాది ముగిసిన తొమ్మిది నెలలు, ఏది ముందైతే అది. మీకు 2026 జూన్ 30 దాటడానికి వీల్లేదు. లీన్ విడుదలల జాబితా కోసం కౌంటీకి ఈ వారమే రాయండి, అది చేతికొచ్చాకే మిగతా ప్రోగ్రామ్ ఇన్‌కమ్ పరీక్ష మొదలవుతుంది.